మూడో మాలె మీద మగ్గం గుంట

నిన్న పొద్దుగాల కొత్త నూలు చీర ఒకటి బకీట్ల నానవెట్టిన. మొదటిసారి తడిపినప్పుడు నూలు చీర గంజి ఇడుస్తది, మీకు ఎరుకే గదా. నీళ్ళు తెల్లగైతయి, పైన జర నురుగు కడ్తది, ఆ నీళ్ళల్లకెల్లి పులిసిన అన్నం వాసన, తడిమన్ను వాసన, మూసిపెట్టిన అర్ర వాసన అన్నీ కలిసి ఒక్కసారే ముక్కుకు కొడ్తయి. మా కోడలికి ఆ వాసన పడదు, "అత్తమ్మా, జల్ది పారబొయ్యుండ్రి" అంటది. నేను పారబొయ్య. చౌటుప్పల్ల గీ ఐదో అంతస్తు బాల్కనిల పీటేసుకొని, బకీట్ మీదికి వంగి, కడుపునిండ ఆ వాసన పీల్చుకుంట కూసుంట. చూసెటోళ్ళు ముసల్దానికి మతి తప్పింది అనుకుంటరు, అనుకోనీ. నాకు మతి తప్పింది ఇప్పుడు కాదు, ఎనిమిదేండ్ల వయసుల బొంబాయిల మెట్లెక్కిన్నాడే తప్పింది.

మాది నల్లగొండ దిక్కు, పానగల్లు దాటినంక వచ్చె చిన్న ఊరు. నేతోళ్ళం. మా ఇంట్లకు అడుగువెడ్తె ముందుగాల మగ్గం కనవడ్తది, తర్వాతనే మనుషులు. గుంట మగ్గమంటె ఎరుకలేనోళ్ళకు చెప్తున్న: నేలల నడుముల్లోతు గుంట తవ్వి, దాంట్ల కాళ్ళిడిచి, గట్టు మీద కూసొని నేసుడు. కాళ్ళతోటి తొక్కె కట్టెలు గుంటల ఉంటయి, మగ్గం పైన ఉంటది. మా నాయిన పొద్దంత సగం భూమిల, సగం భూమి మీద ఉండెటోడు. మా మగ్గం తూర్పు మొఖాన ఉండె. అందుకే నాకు దిక్కులు ఎవ్వలు నేర్పలే. నాయిన మొఖం తూర్పు, నాయిన ఈపు పడమర, కుడిచెయ్యి దక్షిణం, ఎడమచెయ్యి ఉత్తరం, గంతే. ఎండకాలం నాయిన బువ్వకు లేవంగనే నేను గుంటల దుంకి కూసుంటుంటి, బైట రాళ్ళు పలుగుతున్నా ఆ గుంటల మాత్రం కుండల నీళ్ళ తీరుగ చల్లగుండేది. వానకాలం వచ్చిందంటె గుంటల నీళ్ళూరేది, అమ్మ చెంబుతోటి తోడి తోడి పోసేది, నాయిన చుట్ట ముట్టిచ్చుకొని అరుగు మీద కూసొని మబ్బును తిట్టెటోడు. చలికాలం పొద్దు పొడవకముందే బజారు పొడుగూత పడుగు చాపి గంజి పట్టెటోళ్ళు, అటు నలుగురు ఇటు నలుగురు పట్టుకొని కుంచెలతోటి దువ్వుతుంటె ఊరంత గంజి వాసన, మేం పోరగాండ్లం ఆ పడుగు కింద నుంచి అటిటు ఉరుకుతుంటె పెద్దోళ్ళు "పోగు తెగిందో, మీ కాళ్ళిరుగుతయ్!" అని ఒర్రుడు. బతుకమ్మ పండుగొస్తె మలీద ముద్దలు కట్టుకుంట కూడ అమ్మ వేళ్ళకు బూడిద వాసన పోయేది కాదు.

ఆ బూడిద ముచ్చట చెప్పాలె. మగ్గానికి అచ్చు అని ఒకటి ఉంటది, సన్నని ఈనెలతోటి చేసిన పెద్ద దువ్వెన అనుకోండ్రి. పడుగు పోగులన్నీ ఒక్కొక్కటి ఆ ఈనెల సందులకెల్లి పోతయి. ఒక పడుగు నేసుడు అయిపోయినా అచ్చుల పోగులు మొత్తం గుంజెయ్యరు, జానెడు మిగిలిచ్చి తెంపుతరు. కొత్త పడుగు రాంగనే పాత పోగు కొసకు కొత్త పోగు కొస పెట్టి, బూడిద అంటిన వేళ్ళతోటి మెలేసి అతుకుతరు. వేల పోగులు, ఒక్కొక్కటి. మా ఇంట్ల ఆ అతుకుడు పని అమ్మది. అమ్మ కొత్త కోడలిగ వచ్చిన్నాడు మా నాయినమ్మ ఆ అచ్చును తెచ్చి ఒళ్ళె పెట్టి, "దీన్ని ఎన్నడు ఒట్టిగ చెయ్యకు బిడ్డా" అన్నదట. నాయినమ్మ పోయింది గని ఆ మాట అమ్మ ఇడువలే. పెండ్లినాటి పోగుకు ఆ మరుసటి పోగు, దానికి ఇంకో పోగు, గట్ల అతుక్కుంట అతుక్కుంట మా ఇంట్ల పోగు ఒక్కనాడు తెగలేదని అమ్మకు మస్తు గొప్ప. "నీకు తొమ్మిదేండ్లు రానియ్యె అండాలూ, నీకూ నేర్పుత" అనేది నాతోటి. తొమ్మిదెప్పుడొస్తదా అని నేను రోజు అడుగుతుంటి.

తొమ్మిది రాకముందే నూలు రాకుండ అయింది. షావుకార్లు నూలిచ్చుడు బంద్ చేసిండ్రు, సగం మగ్గాల మీద కోళ్ళు పండుకుంటున్నయి. గప్పుడు బొంబాయికెల్లి అమ్మవాళ్ళ అన్న, సత్తయ్య మామ, కార్డు రాసిండు. ఆయన అక్కడ బట్టల మిల్లుల చేస్తుండె. నాయిన అరుగు మీద కూసొని పెద్దగ చదివిండు: మిల్లుల పనున్నది, కిరాయికి ఇల్లు చూసిపెట్టిన, ఒక్కటే అర్ర గని కిటికి పెద్దది, ఎల్తురు మంచిగొస్తది, ఏం ఫికర్ చెయ్యకుండ రాండ్రి. అమ్మ అన్నీ ఇడిచిపెట్టి ఒక్కటే అడిగింది.

"కిటికి కాడ మగ్గం పడ్తదా?"

"పడకేం? ఎల్తురున్నదని మీ అన్న ఊకెనె రాస్తడా?" అన్నడు నాయిన.

"మగ్గం పడకుంటె మాత్రం పిల్లల తీస్కొని మళ్ళొస్త. ముందుగాలనే చెప్తున్న."

"సరే తియ్."

ఇద్దరూ నేతోళ్ళే గదా. ఎల్తురు అన్న మాట చెవుల పడంగనే ఇద్దరికీ మగ్గమే కనవడ్డది. ఆ ఇల్లు నేల మీద ఉన్నదా అని ఇద్దర్ల ఒక్కలు అడగలే. ఇల్లంటె కింద మన్నుండదా? అడిగెతందుకు ఏమున్నది దాంట్ల?

తంగేడు పూసె దినాలల్ల బయలెల్లినం. గుంట మీద పలకలు పరిచి, వాటి మీద చాపేసి, మా చిన్నాయినకు అప్పజెప్పి, మగ్గం కట్టెలు అటుక మీదికెక్కిచ్చి, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, మలీద మూట కట్టుకొని, ముందు బండి, తర్వాత బస్సు, ఆ తర్వాత నాంపల్లిల రైలు. అచ్చును మాత్రం అమ్మ ఎవ్వలకు ఇయ్యలే. జానెడు పోగులు ఏలాడుతుండంగనే దాన్ని పాత చీరెల సుట్టి ఒళ్ళె పెట్టుకున్నది, మా చంటి చెల్లెను తీసి నాకిచ్చింది. రైల్ల మందికి ఆ మూటనే పసిపిల్ల తీరుగ కొట్టింది. "జరగుండ్రి, పసిబిడ్డ తల్లి" అని జాగిచ్చిండ్రు. ఒక ముసలామె మొఖం చూపెట్టమని చీర కొంగు తియ్యబోతె, పోగులు చిక్కుపడ్తయని అమ్మ గట్టిగ గుండెకద్దుకున్నది. దిష్టి తగుల్తదని దాస్తుందనుకొని ఆ ముసలామె మూటకు మెటికలిరిసింది. నా ఒళ్ళె ఉన్న అసలు పిల్ల ఒర్రుతనే ఉన్నది, దాన్ని చూసెటోళ్ళు లేరు.

నడిమిట్ల ఏదో ఠేషన్ల రైలు మస్తుసేపు ఆగింది. ఇంజను ఇప్పి ఈ కొసకెల్లి తీసి ఆ కొసకు తగిలిచ్చిండ్రు. రైలు కదలంగనే చూస్తె, ఇంతసేపు ముందటికి పోయినోళ్ళం ఎనుకకు పోతున్నం! నా సంబురం చెప్పరాదు. "నాయినా, మనూరికి మళ్ళినమా?" అన్న. "లేదు బిడ్డా, ఇంజను మారింది, గంతే" అన్నడు. "మరి ఎనుకకు పోతున్నం గదా?" అంటె నాయిన కిటికిలకెల్లి అటు చూసిండు, ఇటు చూసిండు. ఆయనకు కూడ తెల్వదేమో అని నాకు గప్పుడే మొదటిసారి బుగులైంది.

బొంబాయి ఎట్లుండెనో అడిగితె నేను సరిగ్గ చెప్పలేను. ఇంతమంది ఎక్కడికి పోతుండ్రు, ఎందుకు అందరొక్కసారి పోతుండ్రు, ఎవ్వలు ఒకల మొఖం ఒకలు ఎందుకు చూస్తలేరు, గీ వాసన చేపలదా మిల్లులదా, ఏదీ తెల్వకుండనే మామ ఎనుక నడిసినం. ఒక పెద్ద కట్టడంలకు తోల్కపోయి మెట్లెక్కమన్నడు. మాకు మెట్లంటె నల్లగొండల గుట్ట మీద దర్గకు పోయెటియే ఎరుక. మెట్లెక్కితె పైన గుట్టుంటది, గుట్ట మీద బండ, మన్ను, చెట్లు ఉంటయి. ఎక్కినం, మళ్ళెక్కినం, ఇంకా ఎక్కినం. "ఇది మూడో మాలె" అన్నడు మామ. అంతస్తును అక్కడ మాలె అంటరు. అమ్మ, నేను బొంబాయి గుట్ట మీద కట్టిన ఊరని ఖాయం చేసుకున్నం. నాయిన సామాన్ల మూట నెత్తికెత్తుకొని ఎక్కుతున్నోడు రెండో మలుపు కాడ ఆగి, కటకటాలల్లకెల్లి కిందికి చూసి, మల్ల అమ్మ దిక్కు చూసి ఎక్కిండు. ఎందుకాగిండో నాకు గప్పుడెరుక లేదు.

అర్ర చిన్నదే గని కిటికి నిజంగనె పెద్దది. అమ్మ మూట దించకుండనే కిటికి కాడికి పోయి, ఎల్తురుల చెయ్యి పెట్టి చూసుకున్నది. తెల్లారి తానం చేసి, ముగ్గుపిండితోటి కిటికి ముందట నిలువు అడ్డం కొలిసి గుంట గీత గీసింది, నాలుగు మూలల పసుపు కుంకుమ బొట్లు పెట్టింది. "ఆయితారం సెలవు గదా, తవ్వరాదు" అన్నది నాయినతోటి. "ఆయితారం చూద్దం తీ" అన్నడు నాయిన. ఆ ఆయితారం ఒళ్ళు నొస్తుందన్నడు. మరుసటి ఆయితారం గడ్డపార దొరకలేదన్నడు. ఆ మరుసటి ఆయితారం మామ ఇంటికి పోదమన్నడు. నడిమిట్ల ముగ్గు చెదిరినప్పుడల్ల అమ్మ మల్ల గీసేది. ఆ వరసల పిల్లలు తలుపులకెల్లి తొంగి చూసి, మేం తొక్కుడుబిల్ల గీసుకున్నమనుకొని, ఒంటికాలు మీద కుంటుకుంట వచ్చి గుంటల దుంకి ఎగిరిండ్రు. "దొంగ సచ్చినోళ్ళారా, మగ్గం గుంటల ఎగురుతరా!" అని అమ్మ చీపురు తీస్కొని ఎంబడి వడితె, వాళ్ళకు మా మాట తెల్వక అది కూడ ఆటనే అనుకొని నవ్వుకుంట ఉరికిండ్రు. మేం ఏం చేసినా కిందికెల్లి ఎవరో ఠక్ ఠక్ అని కొట్టెటోళ్ళు. అమ్మ కారం నూరితె ఠక్ ఠక్. నేను ఉరికితె ఠక్ ఠక్. గుట్ట లోపట ఏమో ఉన్నదని నాకు అనుమానం, గని ఎవ్వలనడగాలె?

నాయిన తవ్వుతలేడు, అమ్మ రోజురోజుకు మాట తక్కువైతాంది, ఒక్కొక్క పూట "మళ్ళొస్తనని చెప్పలేదా నీకు?" అని నాయినను గుర్తు చేస్తాంది. అమ్మ మళ్ళితె నాయిన ఒక్కడుంటడు, మేం ఒక దిక్కు ఆయనొక దిక్కు. అందుకని ఒకనాటి పగటీలి, నాయిన మిల్లుకు పోయినంక, అమ్మ కింద నల్ల కాడికి నీళ్ళకు దిగినంక, నేనే తవ్వుడు మొదలువెట్టిన. నాయిన సామాన్ల ఇనుప మేకు దొరికింది, అమ్మ కారం నూరె గుండురాయి ఉన్నది. కిటికి మూలకు వాన కొట్టి కొట్టి గచ్చు ముందే పగిలి ఉండె, అక్కడ పెట్టి కొట్టిన. సున్నం లేసింది, ఇటుక ముక్కలు లేసినయి, చివికిన కట్టె తగిలింది. సంబురంగ ఇంకో దెబ్బేసిన. అరచెయ్యంత పొక్క పడ్డది. నల్లటి మన్ను కనవడ్తదని వంగి చూసిన.

మన్ను లేదు. ఒక పాపట కనవడ్డది. పాపట, కుంకుమ, పక్కన మంట, మంట మీద పెంక, పెంక మీద రొట్టె.

నేను ఉరికిన ఉరుకుడు దేవునికెరుక. మెట్లన్నీ దిగి నల్ల కాడ నిలబడ్డ అమ్మ కొంగు పట్టుకొని "అమ్మా, భూమి లోపట మనుషులున్నరే! రొట్టెలు చేసుకుంటుండ్రే!" అని ఏడిసిన. అమ్మ బిందె అక్కడ్నే ఇడిచి నాతోటొచ్చింది. రెండో మాలె కాడ ఒక మరాఠి బాయి, ఆడోళ్ళను అక్కడ బాయి అంటరు, మాకు ఎదురొచ్చింది, కాసె పోసి కట్టిన చీర, నెత్తిన సున్నం పెళ్ళలు, చేతిల పరాతం, పరాతంల జొన్నపిండి నిండ ఇటుక దుమ్ము. ఆమె ఏమేం తిట్టిందో మాకు ఒక్క ముక్క అర్థం కాలే, గని తిట్టని ముక్క లేదని మాత్రం అర్థమైంది. అమ్మను చెయ్యి పట్టి ఇంట్లకు గుంజుకపోయి పైకి చూపెట్టింది. పైన నల్లటి దూలాలు, దూలాల నడుమ చెదిరిన సున్నం, ఆ సున్నంల నేను చేసిన పొక్క, పొక్కలకెల్లి మా కిటికి ఎల్తురు.

అమ్మ చానసేపు మెడెత్తి గట్లనే చూసింది. "అండాలూ, గది మన ఇల్లానె?" అన్నది.

"అవునమ్మా."

"మరి మన కింద మన్ను లేదానె?"

లేదన్న. అమ్మ పైకి పోయి మా డబ్బల ఉన్న జొన్నపిండి మొత్తం తెచ్చి ఆ బాయి పరాతంల పోసింది.

పొద్దుగూకేటాళ్ళకు నాయినొచ్చి పొక్కను చూసి అన్నం కూడ అడగకుండ గోడకు కూలవడ్డడు.

"ఏమయ్యా, నీకు ఎప్పుడెరుకైంది?" అన్నది అమ్మ.

"మెట్లెక్కెటప్పుడే."

"మరి ఆయితారం ఆయితారం అని ఎందుకాడిచ్చినవ్?"

"నువ్వు మళ్ళుతవని. నేనొక్కన్ని ఇక్కడ ఉండలేనే." మా నాయిన ఏడ్సంగ నేను చూసుడు గదే మొదలు.

తెల్లారి నాయిన మిల్లుకు పోంగనే అమ్మ అచ్చు మూట ఒక సంకల, చెల్లెనొక సంకల పెట్టుకొని "నడువే" అన్నది. మెట్లు దిగి బజార్లకొచ్చినం. రెండు దిక్కుల మనుషులు, రెండు దిక్కుల గాడీలు. "ఠేషన్ ఎటే? మనం ఎటుకెల్లి వచ్చినమే?" అని అమ్మ నన్నడిగింది. మగ్గం లేదు, మగ్గం ముందట నాయిన లేడు, నాకు తూర్పేదో తెలిస్తె గదా చెప్పెతందుకు. ఇటు అన్న, కాదు అటు అన్న. అమ్మ పదడుగులు ఇటు పోయింది, పదడుగులు అటు వచ్చింది, మోరీ ఒడ్డున నిలబడి నన్ను పట్టుకొని ఏడ్సింది. గప్పుడు నిన్న తిట్టిన ఆ కింది బాయే కూరగాయల సంచితోటి వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. అమ్మ చేతిలకెల్లి బరువైన మూట అందుకొని, అది కూడ పసిపిల్లనే అనుకొని భుజానేసుకొని ముందట నడిసింది. అచ్చు ఆమె చేతుల పోతుంటె అమ్మ ఆగుతదా? ఎనుకబడి నడిసింది. ఇంట్లకు పోయినంక ఆ బాయి పిల్లను పండవెట్టుదమని చీర ఇప్పితె, లోపట ఈనెలు, పోగులు. ఆమె బిత్తరపోయి అమ్మను చూసింది. అమ్మ, వాళ్ళ భాష రాక, ఉత్త చేతులతోటే అడ్డం పోగును మోసె నాడెను అటు ఇసిరి ఇటు పట్టినట్టు, కాళ్ళతోటి తొక్కినట్టు చేసి చూపెట్టింది. ఆ బాయికి ఏమర్థమైందో ఏమో, మా పిండితోటే చేసిన రొట్టె మా చేతులల్ల పెట్టింది. అచ్చంగ మన జొన్నరొట్టెనే.

ఆ దినం నాయిన వచ్చెటప్పుడు మిల్లుల ఊడ్సి పారబోసె తెగిన పోగులు, మేస్త్రిని అడుక్కొని, రుమాలు నిండ తెచ్చిండు. అమ్మ ముందట పెట్టిండు. అమ్మ రెండొద్దులు వాటి దిక్కు చూడలే. మూడో పొద్దు అచ్చును తీసి కిటికి కడ్డీలకు కట్టి, "పొయ్యిలకెల్లి బూడిద తేపో" అన్నది నాతోటి. నాకు తొమ్మిదేండ్లు ఇంకా నిండలే. పాత పోగు కొస, మిల్లు పోగు కొస, బూడిద వేలు, మెలిక. తెల్ల పోగుకు తెల్లదే దొరకాలని లేదు, ఏది దొరికితె అది. నేసెతందుకు మగ్గం లేదు, రాదు, ఆ సంగతి ఇద్దరికీ ఎరుకే, అయినా ఏడాదికోసారి పాత కొసలు తెంపి మిల్లు పోగులు అతుకుడు మేం ఇడువలే. ఆ తర్వాత అమ్మ మళ్ళుత అన్న మాట ఎన్నడెత్తలే. ఆ దినం నేను తవ్వకపోతె అమ్మ ఇంకొన్నాళ్ళు ఆశ మీద ఉండి ఆఖరుకు ఊరికి మళ్ళేదేమో, తవ్వబట్టే ఉండిపోయిందేమో. మంచి చేసిన్నో చెడు చేసిన్నో ఇప్పటికీ తేల్చుకోలేకున్న.

నేను పెండ్లీడుకొచ్చినంక సంబంధం కోసమని ఊరికొచ్చినం. అచ్చు మూట అమ్మ ఒళ్ళెనే ఉన్నది. బండి దిగి సక్కగ ఇంట్లకు పోయి మగ్గం జాగకు పోతె, చిన్నాయిన గుంట పూడ్పిచ్చి, పైన నున్నగ షాబాదు బండలు పరిపిచ్చిండు, మంచమేసిండు. ఊర్ల సగం ఇండ్లల్ల గట్లనే పూడ్సుకున్నరట. అమ్మ ఆ బండల మీద నిలబడి, మడిమెతోటి రెండుసార్లు ఠక్ ఠక్ అని కొట్టి, మా చిన్నాయిన మొఖం చూసి అడిగింది: "ఏం మరిదీ, ఇక్కడ కింద కూడ మనుషులుంటుండ్రా?"

చిన్నాయినకు ఏం అర్థం కాలే, నవ్విండు. నేను, నాయిన నవ్వలేదు.

అమ్మ పోయెముందు ఆ అచ్చు నాకిచ్చింది. ఇప్పుడు పడుగు చాపె బజార్లు లేవు, గంజి కాసె కుండలు లేవు, నా ఇంట్లయితె వేలికంటిచ్చుకునెతందుకు చిటికెడు బూడిద కూడ లేదు, గ్యాసు పొయ్యి గదా. నిన్న చీర జాడిచ్చి బాల్కని తీగ మీద ఆరేసినంక, దాని అంచుకొస పోగులు గాలికి ఊగుతుంటె నా చెయ్యి ఊకోలే. బీరువ మీది అచ్చు దించిన. దేవుని కాడ అగరొత్తి రాల్చిన బూడిద అద్దుకొని, చీర కొస పోగు ఒకటి, అమ్మ చివరిసారి అతికిన మిల్లు పోగు ఒకటి పట్టి మెలేసిన. ఇన్నేండ్లైనా వేళ్ళు మర్వలే. గుంజి చూసిన, ఊడలే. అచ్చు నా ఒళ్ళె, చీర తీగ మీద, నడుమ ఒక్క పోగు. ఇంకోటి పట్టుకున్న.

గంతల్నే కిందికెల్లి నాలుగో అంతస్తు పిల్ల ఒర్రింది. "ఆంటీ! మీ చీర నీళ్ళు మా మీద కారుతున్నయ్! కింద మనుషులున్నరని జర చూస్కోరాదా?"

"ఎరుకే బిడ్డా, నాకు ఎనిమిదేండ్లప్పటికెల్లే ఎరుక" అన్న. ఇనవడ్డదో లేదో. చీర మాత్రం తియ్యలే.